డబ్బాలోని పొడియు, మడమపైని నరమును

సంక్రాంతి వెళ్లిన నాల్గవనాటి సాయంకాలము మేము దీపము వెలిగించి లోనికి వచ్చుచుండగా, మా వీధి చివరి యింటి యిల్లాలు కొంగుక్రింద నేదియో దాచుకొని వాకిట నిలిచినది. లోనికి రమ్మని పిలిచితిమి. ఆమె అటునిటు చూచి, కొంగు తొలగించి, శేరు బియ్యము పట్టునంతటి డబ్బానొకదానిని మా చేతికిచ్చి, "అక్కయ్యా, దీనిమీద ఏముందో కాస్త చదివి చెప్పు. బావగారికి మాత్రం చెప్పమాక" అన్నది.

డబ్బా నల్లనిది. దానిమీద పరుగెత్తుచున్న పురుషుని బొమ్మ; ఆతని కాలి నరములన్నియు బంగారు రంగుతో మెరయుచున్నవి. వెల మూడువేల రెండువందల రూపాయలు. నెలకొక్కటి చొప్పున ఆరు డబ్బాలు వాడినచో తెగిన నరమైనను కొత్తదియగునని అమ్మినవారు చెప్పిరట. ఎవరు అమ్మిరో ఆ పేరు మాకు అక్కరలేదు, మా పాఠకురాండ్రకును అక్కరలేదు. మేము డబ్బాకంటె ముందుగా చూచినది ఆమె చెవులను. కమ్మలు లేవు, వేపపుల్లలున్నవి.

ఆమె పెనిమిటి ఇచ్చట గ్రానైటు పలకలకు మెరుగుపెట్టు కర్మాగారమున పనివాడు. మా చీమకుర్తి నల్లరాయి, నక్షత్రములవంటి బంగారు చుక్కలతో, దేశదేశముల మేడలలో పరచబడుచున్నదన్నమాట అందరును ఎరిగినదే. దానిని నునుపుచేయువారి యిండ్లలో మట్టినేలలుండుటయు ఎరిగినదే. ఆమె మిరపకోతల కాలమున కూలికి పోవును. ఒక్కతే కూతురు, పదునెనిమిదేండ్లది, కబడ్డీ ఆటకత్తె. కూతకు పోయి గీతను ముట్టి వెనుకకు తిరుగునప్పుడు ఆ పిల్ల మడమనెత్తి నేలను తన్ను వేగము మేమును ఒకమారు పాఠశాల ఆవరణమున చూచి నివ్వెరపోయితిమి. జిల్లా జట్టులో ఆడినది. రాష్ట్రపు జట్టులో చోటు దొరకినచో ఆటలవారికి ప్రత్యేకించిన ఉద్యోగములలో ఏదేని రాకపోవునాయని తల్లిదండ్రుల ఆశ. మూడునెలలనుండి కుడి మడమపైని నరము నొప్పి. ఉదయము మంచము దిగినంతనే కుంటును. నాలుగడుగులు వేసిన పిమ్మట సర్దుకొనును. ఆడిన మరునాడు మరల కుంటును. ఆడకున్న జట్టులో చోటు పోవును, ఆడిన కాలు పోవును. ఈ రెంటి నడుమ తల్లి కమ్మలు పోయినవి.

మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు ఇంటనే కూర్చుండబెట్టి అమరమును, కావ్యములను, కొంత వైద్యగ్రంథమును చెప్పిరి. డబ్బామీది ఆంగ్లమును కూడబలుకుకొని చదువుట మాకు సాధ్యమేగాని, అందలి రసాయన నామములు మా చదువునకు మించినవి. కనుక ఆమె మాటను జవదాటి మావారికి చెప్పక తప్పినదికాదు. ఆ తప్పును మేము ఒప్పుకొనుచున్నాము. ఆయన పాఠశాలనుండి పుస్తకములును, పరిశోధన పత్రములును తెచ్చి అర్థము చెప్పిరి. పిదప పిల్లను వెంటబెట్టుకొని ఒంగోలు పోయి ఒక ఫిజియోథెరపీ వైద్యురాలిని చూచితిమి. అట్లు మేము తెలిసికొనినది ఇచ్చట వ్రాయుచున్నాము. ఆడుపిల్లలు ఆడుటకు పోవు ఇండ్లు ఇప్పుడు ప్రతి వీధియందును కలవు గదా.

మొట్టమొదట మాటను సరిచేసికొందము. మనము 'నరము' అనునది నిజమునకు నరము కాదు. వైద్యులు నరమనునది మెదడునుండి వార్తలు మోసికొనిపోవు తీగ. మడమపైన త్రాడువలె చేతికి తగులునది స్నాయువు. పిక్కలోని కండరమును మడమ యెముకకు కట్టివేయు మోకు. సుశ్రుతుడు శారీరస్థానమున స్నాయువులను 900 అని లెక్కించి, పలకలు కూర్చిన నావ కట్లచే బిగింపబడి బరువు మోయునట్లు ఈ దేహము స్నాయువులచే బిగింపబడి మోయుచున్నదని పోల్చినాడు. గుండ్రనై లావైనవానిని 'కండరలు' అని వేరుగా పేర్కొని, అవి 16 అనియు, వానిలో నాలుగు పాదములకు చెందినవనియు చెప్పినాడు. నేడు మన తెనుగున కండరమన్న మాంసపేశికి పేరైపోయినది. మాటలును మనుష్యులవలెనే ఇల్లు మారును. ఎముకకు, పేశికి, సిరకు, కీలునకు తగిలిన దెబ్బకంటె స్నాయువునకు తగిలిన దెబ్బ మనుష్యుని ఎక్కువ కూల్చునని ఆ మహానుభావుడు వ్రాసిన మాటను చిన్ననాట మేము నమ్మలేదు. ఈ పిల్ల కుంటుట చూచిన పిదప నమ్మితిమి.

పాశ్చాత్యులు మడమపైని ఈ స్నాయువునకు అకిలీజ్ అను గ్రీకు వీరుని పేరిడిరి. ఆతని తల్లి బిడ్డను మృత్యువునుండి తప్పింపగోరి పవిత్రనదిలో ముంచెనట. ముంచునప్పుడు తాను పట్టుకొన్న మడమ మాత్రము తడియలేదట. అచ్చటనే బాణము తగిలినదట. మన యిండ్లలో చెప్పుకొను గాంధారీ దుర్యోధనుల కథయు ఇట్టిదే. తల్లి రక్షింపబూనిన చోటనే వెలితి మిగులుట రెండు దేశములవారికిని తోచినది.

పరుగెత్తునప్పుడు ఈ స్నాయువుపై దేహపు బరువునకు ఆరేడు రెట్ల లాగుడు పడును. అంతటి దానిని మోయునది కొల్లాజెన్ అను మాంసకృత్తు. పీచుపీచుగా పేని, పేనిన దానిని మరల పేని, మోకుగా తయారైనది. నీరు తీసివేసినచో స్నాయువులో మిగులు పదార్థమున అధికభాగమిదియే. కండరమునకువలె దీనికి రక్తము పుష్కలముగా పారదు. కనుకనే ఎముక విరిగిన ఆరేడు వారములకు అతుకుకొనగా, స్నాయువు మాత్రము నెలల తరబడి సాధించును.

దీనిని గూర్చి డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిన సంగతి ఒకటి మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది. 1955 మొదలు 1963 వరకు అగ్రరాజ్యములు ఆకాశమున అణ్వస్త్రములను పేల్చుటచే గాలిలో ఒక విధమైన కర్బనము హెచ్చినది. అది పైరులలో చేరి, అన్నముద్వారా మనుష్యుల దేహములలో చేరినది. ఏయే యేట పుట్టినవారి స్నాయువులో ఆ కర్బనమెంత కలదో కొలిచినచో, ఆ స్నాయువు ఎప్పుడు కట్టబడినదో తెలియును. అట్లు కొలిచి చూడగా, మడమ స్నాయువు యొక్క నడిగర్భము ఇంచుమించు పదునేడేండ్ల లోపల కట్టబడినదే. ఆపైన దాదాపు మారుటయే లేదు! కండరము మాత్రము ఎప్పటికప్పుడు కొత్తదగుచునే యున్నదట. మన బిడ్డకు పదేండ్లనాడు మనము పెట్టిన అన్నము నలుబదేండ్లనాడును ఆ కాలిలో నిలిచియుండును. ఆరునెలలలో సరికొత్త నరము వచ్చునన్న డబ్బా మాటకును, దీనికిని ఎంత దూరమో చూడుడు.

ఇక డబ్బాలోని పొడి సంగతి. కొల్లాజెన్ పొడియనగా పశువుల తోళ్లను, ఎముకలను, లేదా చేపల తోళ్లను, పొలుసులను ఉడికించి, జెలటిన్ తీసి, దానిని ఇంకను సన్నముగా విరుగగొట్టి ఎండబెట్టినది. చెట్లలో కొల్లాజెన్ లేదు. శాకాహారులగు సోదరీమణులు కొనుటకు ముందు ఈ మాట తెలిసికొనవలయును. తెలిసిన పిమ్మట కొనుట, మానుట వారి యిష్టము. మాంసాహారుల యిండ్లలో మేక కాళ్ల పులుసును పొయ్యిపై రాత్రంతయు కాచి, చల్లారిన వెనుక గడ్డకట్టునట్లు చేయుదురే, ఆ గడ్డకట్టునది జెలటినే. మూడువేల రూపాయల డబ్బాలో నున్నది దానికి దగ్గరి చుట్టమే.

అయితే ఇది వట్టి మోసమా? అట్లనుటయు అన్యాయమగును. 2017లో షా, బార్ అను శాస్త్రజ్ఞులును, వారి తోడివారును చేసిన పరీక్ష ఒకటి కలదు. ఆరోగ్యవంతులగు ఎనమండుగురు పురుషులకు విటమిన్ సి కలిపిన జెలటిన్‌ను ఇచ్చి, గంట తరువాత ఆరు నిమిషములు త్రాటిపై గంతులు వేయించిరి. 15 గ్రాములు తీసికొనినప్పుడు కొత్త కొల్లాజెన్ తయారగుచున్నదనుటకు రక్తమునందలి గురుతు రెట్టింపైనది. 5 గ్రాములు తీసికొనినప్పుడు అంతగా హెచ్చలేదు. 2019లో మడమ స్నాయువు నొప్పిగల ఇరువదిమందికి వ్యాయామముతోపాటు కొల్లాజెన్ పొడినిచ్చి చూచిరి. వ్యాయామముచే అందరికిని మేలు కలిగినది. పొడి తీసికొనుచున్నప్పుడు కొంత హెచ్చు మేలు కనబడినది. కాని ఎనమండుగురు, ఇరువదిమంది, ఇంతియే లెక్క! మన వీధి పెండ్లి పంక్తిలో ఒక వరుసకు చాలరు. రక్తమున గురుతు కనబడుట వేరు, నొప్పిపడ్డ స్నాయువు బాగుపడుట వేరు. ఇందు గమనింపదగినది మరియొకటి: పొడి తిని కూర్చున్నవారిని గూర్చి ఎవరును గొప్ప చెప్పలేదు. తిని, గంతులు వేసినవారిని గూర్చియే చెప్పిరి.

డబ్బాను త్రిప్పి త్రిప్పి చూడగా, అడుగున చీమతలలవంటి అక్షరములలో 'ఔషధముగా వాడుటకు కాదు' అనియున్నది. ఇది అమ్మువారి మంచితనము కాదు, 2016 నాటి నిబంధనలచే వేయవలసి వచ్చిన మాట. మన దేశమున ఇట్టి పొడులు ఆహారముల లెక్కలోనివి. రోగమును మాన్పునని రుజువు చూపనక్కరలేకయే అంగడికి రావచ్చును. ముందువైపు బంగారు నరములు, వెనుకవైపు చీమతలలు! ఆ యిల్లాలికి ఆ వాక్యమును చదివి చెప్పినప్పుడు ఆమె ఏమియు అనలేదు. చెవి తడుముకొనినది.

ఆటగత్తెలకు మరియొక భయమును కలదు. ఇట్టి డబ్బాలలో కొన్నింట, పైన వ్రాయని నిషిద్ధ పదార్థములు కలిసియుండుట లోకమున పలుమారులు బయటపడినది. ఆటగానిదేహమున నిషిద్ధ పదార్థము దొరకినచో, "నాకు తెలియదు" అనుమాట నిర్దోషిత్వమునకు చాలదు. దేహములోనికి పోయినదానికి బాధ్యుడు తానే. ఆటలలో మత్తుమందుల నిరోధమునకు మన దేశమున 2022లో ప్రత్యేకముగా చట్టమే వచ్చినది. కాలు బాగుపడుటకు తిన్నది ఆటనుండియే వెలివేయించినచో ఆ పిల్ల గతియేమి?

1918లో కూనూరున మెక్కారిసన్ దొర ఆరంభించి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన ఆహార నియమములలో, దేహము పెంచుటకై మాంసకృత్తుల పొడులను వాడుట మానుడనియే హెచ్చరించిరి. మాకు ఈ సంస్థయందు గౌరవమెక్కువ. మన కందిపప్పును, మన గోంగూరను తూచి లెక్కకట్టినవారు వారే గదా.

విటమిన్ సి మాట వచ్చినది కనుక ఒక కథ చెప్పెదము. కొల్లాజెన్ పీచులు గట్టిగా పేనుకొనుటకు ఈ విటమిన్ లేనిదే కుదరదు. పూర్వము నెలల తరబడి ఓడలలో పోవు నావికులకు చిగుళ్లు వాచి, పాతగాయములు మరల నోళ్లు తెరచుట దీని లోపముచేతనే. 1747లో లిండ్ అను ఓడ వైద్యుడు పన్నెండుగురు రోగులను తీసికొని ఇద్దరిద్దరికి ఒక్కొక్క వస్తువు చొప్పున ఇచ్చి చూడగా, నారింజలు, నిమ్మలు తిన్న ఇద్దరే త్వరగా కోలుకొనిరి. ఆ పదార్థమును విడదీసినవారిలో ప్రముఖుడు హంగేరీ దేశపు సెంట్-గ్యోర్గీ. ఒకనాటి రాత్రి ఆయన భార్య భోజనమునకు పచ్చి మిరపపండ్లు పెట్టినదట. ఆయనకు తినబుద్ధి కాలేదు. కాదనుటకు ధైర్యము చాలలేదు. "దీనిని పరీక్షించి చూచెద"నని కంచములోనిదానిని ప్రయోగశాలకు ఎత్తుకొనిపోయెనట. ఆ రాత్రియే అందు విటమిన్ సి నిండియున్నట్లు తేలినది. 1937లో నోబెల్ బహుమానము వచ్చినది. భార్య వండినదానిని తప్పించుకొనుటకు పురుషులు చెప్పు సాకులన్నింటిలో లోకమునకు ఉపకరించినది ఇది యొక్కటే కాబోలు.

మిరపమాగాణియందు నివసించు మనము దీనికి సంతోషింపవచ్చునుగాని, మోసపోరాదు. విటమిన్ సి ఉన్నది పచ్చి కాయలో. కల్లములో ఎండబోసి ఎర్రబారిన మిరపలో మిగులునది మిక్కిలి స్వల్పము. కారపు మెతుకులు తిన్నంతనే నరము బలియదు. నూరు గ్రాముల జామపండులో ఇన్నూరు మిల్లీగ్రాములకు తక్కువ కాకుండ విటమిన్ సి కలదు. ఉసిరికలో దానికంటె హెచ్చు. స్త్రీకి దినమునకు వలసినది 65 మిల్లీగ్రాములే. అరచేతిలో పట్టు జామకాయ ఒకటి చాలును. మాత్రలు మ్రింగి హెచ్చుచేసికొన్నది మూత్రమున పోవును. మరీ హెచ్చినచో మూత్రపిండములలో రాళ్లకు దారితీయుటయు కలదు.

పసుపు సత్తు, చేపనూనె, మరికొన్ని పేర్లు ఆ డబ్బామీద నున్నవి. వానిని గూర్చి వ్రాయదగినంత గట్టి రుజువు మాకు కనబడలేదు, కనుక వదలివేయుచున్నాము.

ఆ పిల్ల దినమంతయు ఏమి తినుచున్నదో ఒంగోలు వైద్యురాలు అడిగి వ్రాసికొనినప్పుడు మేము ప్రక్కనే యున్నాము. ఉదయము టీ, రెండు ఇడ్లీలు. మధ్యాహ్నము అన్నము, పచ్చడి, పలుచని పప్పు. సాయంకాలము ఆట. రాత్రి మజ్జిగయన్నము. ఆదివారము మాంసము, అదియు ముందు మగవారికి. బియ్యమునుండి, పప్పునుండి, మజ్జిగనుండి వచ్చు మాంసకృత్తులను కూడగా 35 గ్రాములకు మించలేదు. యాబది కిలోల బరువుగల మనుష్యునికి ఊరక కూర్చున్నను 41 గ్రాములకు పైగా కావలయును. ఆడువారికి, అందును దెబ్బతిని కోలుకొనువారికి, దానికి రెట్టింపువరకును వలయునని క్రీడావైద్యులందురు. పునాదిలోనే రాళ్లు చాలకుండగా గోడకు మెరుగు పెట్టబోయినట్లున్నది గదా ఈ డబ్బా వ్యవహారము! పైగా కొల్లాజెన్ పొడిలో మన దేహమునకు అత్యవసరమగు ట్రిప్టోఫాన్ అను భాగము లేనేలేదు. కనుక పప్పునకును గ్రుడ్డునకును బదులుగా అది పనికిరాదు.

లెక్క మావారు కట్టిరి. ఒక్క డబ్బా వెలతో దినమునకొక గ్రుడ్డు చొప్పున ఇంచుమించు సంవత్సరమంతయు పెట్టవచ్చును. గ్రుడ్డులో ఆరు గ్రాములు. రెండు గుప్పిళ్ల వేరుసెనగపప్పులో పది. పప్పు చిక్కగా చేసి రెండు గరిటెలు వడ్డించిన మరి ఆరేడు. ఒక గ్లాసుడు పాలలో ఆరు. మా యింట గ్రుడ్డు ముట్టము. శాకాహారుల యిండ్లలో దానికి బదులు సెనగలు, పెసలు, మీల్‌మేకర్ అనబడు సోయా ముక్కలు, గట్టి పెరుగు వాడవచ్చునని ఆమె చెప్పినది.

ఆ వైద్యురాలు మరియొక ప్రశ్న వేసినది. తల్లి సిగ్గుపడి మా వంక చూచినది; పిల్ల తలవంచుకొన్నది. నెలసరి సక్రమముగా వచ్చుచున్నదాయని ఆమె యడిగినది. నాలుగు నెలలనుండి లేదట! ఆటలో అలసటచేత ఆగినదనుకొని తల్లి యూరకున్నది. మొదటి రెండు నెలలు హాయియనియే తలచినదట. చాలినంత తినక కఠినముగా ఆడు పిల్లలకు దేహము తనకున్న కొద్దిపాటి శక్తిని దాచుకొనుటకై ఈ పనిని ఆపివేయుననియు, అప్పుడు ఎముకలు పలుచబడి, దెబ్బలు త్వరగా మానవనియు, 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు సహితము దీనిని గూర్చి ప్రత్యేకముగా హెచ్చరించిరనియు ఆమె వివరించినది. రక్తపరీక్ష చేయించినది, రక్తహీనతయు తేలినది. ఇనుము మాత్రలకు వ్రాసి ఇచ్చినది. ఈ మాత్ర మందు. పరీక్షచేసి, లోపము కనుగొని ఇచ్చినది. డబ్బా పొడికిని దీనికిని భేదమిదియే.

సోదరీమణులారా, ఈ సంగతి మేము వ్రాయుదుమా మానుదుమాయని రెండు దినములు తటపటాయించితిమి. పిల్ల తల్లిని అడిగితిమి. "రాయండి అక్కయ్యా. ఇంకో తల్లికైనా తెలుస్తది" అన్నది. కనుక వ్రాసితిమి.

తిరుగు ప్రయాణమున బస్సులో ఆ పిల్ల ముఖము చిన్నబుచ్చుకొని కూర్చున్నది. మేము పుల్లెల గోపీచంద్ కథ చెప్పితిమి. ఆయన అప్పటి ప్రకాశం జిల్లాలోని నాగండ్ల గ్రామమున 1973లో పుట్టినవాడు, మనవాడు. 1994లో పూనాలో జరిగిన జాతీయ క్రీడలయందు ఆయన మోకాటిలోని బంధము తెగినది. అది స్నాయువు కాదు. ఎముకను ఎముకకు కట్టు సంధిబంధము. అయినను రెండును కొల్లాజెన్ మోకులే, రెండును నెమ్మదిగా మానునవే. శస్త్రచికిత్సలు జరిగినవి. ఆట ముగిసినదని పలువురు తలచిరి. ఏడేండ్ల తరువాత, 2001 మార్చిలో, ఆయన ఇంగ్లండున చైనా వీరుడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండు విజేత యయ్యెను. 1980లో ప్రకాశ్ పదుకొణె గెలిచిన పిదప మన దేశమునకు అది రెండవసారి. ఆ పేరు వచ్చిన వెంటనే శీతలపానీయమువారు ప్రకటనలో నిలువుమని ధనమాశ చూపగా, అది ఆరోగ్యమునకు మేలైనది కాదని ఆయన నిరాకరించెను. శిష్యురాలగు పి.వి. సింధుకు 2016 రియో ఒలింపిక్సునకు ముందు ఐస్‌క్రీము మాన్పించిన గురువు ఆయనయే. ఆ సింధు 2022లో బర్మింగ్‌హామున ఎడమ మడమవద్ద ఎముకనొప్పితోనే కామన్‌వెల్తు స్వర్ణము గెలిచి, పిమ్మట నెలల తరబడి ఆటకు దూరముగా నుండవలసివచ్చినది. పిల్ల అంతయు విని, "ఏడేళ్లా, అత్తయ్యా?" అన్నది. మా కథ ఎదురుతిరిగినట్లు తోచినది. నీది తెగలేదు, అలసినది మాత్రమేయని సముదాయించితిమి.

అలసిన స్నాయువునకు నిజమైన చికిత్స ఏమన్న, పని. దీనిని కనుగొన్న విధము వినుడు. స్వీడనులో ఆల్‌ఫ్రెడ్సన్ అను ఎముకల వైద్యునికే మడమ స్నాయువు నొప్పి వచ్చినది. శస్త్రము చేయుమని పై అధికారిని అడుగగా, దానికై నిన్ను నెలల తరబడి పనికి రాకుండ విడువలేననెనట. స్నాయువు తెగినచో చేయక తప్పదు గదాయని, తెంపుకొనుటకే నిశ్చయించి, నొప్పి పుట్టునట్లు బరువుతో మడమను వంచి వంచి శ్రమపెట్టెనట. తెగుటకు బదులు అది బాగుపడినది! 1998లో ఆయన పదునైదుగురి విషయమున ఫలితమును ప్రకటించెను. మెట్టు అంచున మునివ్రేళ్లపై నిలిచి, నొప్పిగల కాలి మడమను మెల్లగా మెట్టుకంటె క్రిందికి దించవలయును. పైకి లేచుట రెండవ కాలి సాయముతో. పదునైదేసి మూడు వరుసలు మోకాలు చాచి, మూడు వరుసలు మోకాలు కొద్దిగా వంచి, దినమునకు రెండు పూటలు, పన్నెండు వారములు. లెక్కించిన దినమునకు 180 సారులు. ఆ పదునైదుగురును పన్నెండు వారములకు మరల పరుగెత్తగలిగిరి. తరువాతి కాలమున ఇట్టి వ్యాయామములు మరికొన్ని వచ్చినవి. ఎవరికేది తగునో నిర్ణయించుట వైద్యుని పని. మేము వ్రాసినది చదివి ఎవరికి వారు మొదలుపెట్టరాదు.

ముఖ్యముగా, ఆటలో వెనుకనుండి ఎవరో తన్నినట్లు తోచి, టప్పుమను శబ్దము వినబడి, మునివ్రేళ్లపై నిలువలేకపోయినచో అది అలసట కాదు, తెగుట. బోరగిల పరుండబెట్టి పిక్కను పిసికినచో పాదము కదలదు. అట్టి దానిని ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోవలయును. పుత్తూరు కట్టును మేము తూలనాడము. ఎముక విరిగినవారు దూరదేశములనుండి అచ్చటికి పోవుట ఎరుగుదుము. కాని తెగని స్నాయువును వారముల తరబడి కదలనీయక బిగించినచో అది ఇంకను బలహీనమగును. నల్లేరును అంతే. నేతిలో వేయించి పచ్చడి చేసిన రుచికరము. ఎముకలకు మంచిదని పెద్దలందురు. అస్థిసంహారకమని దాని సంస్కృతనామము. ఈ పిల్లది ఎముక బాధ కాదు.

విరేచనములకు, మూత్రపు మంటకు మందుల దుకాణములో అడిగి కొనుక్కొను సిప్రోఫ్లోక్సాసిన్ వంటి మాత్రలు కొందరియందు స్నాయువులను తెగునట్లు చేయునని 2008లో అమెరికా ఔషధశాఖవారు నల్లగీటు హెచ్చరిక వేయించిరి. అరువదేండ్లు దాటినవారికిని, స్టిరాయిడు మందులు వాడువారికిని ఈ అపాయము హెచ్చు. ఈ సంగతి విన్నప్పుడు మాకు ఒళ్లు జలదరించినది. మా యింటి అలమారులోనే అవి ఒక అట్ట యున్నవి.

ఆటగత్తెలకే ఈ బాధలనుకొనరాదు. మిరపకోతకు పోవు స్త్రీలకు బొటనవ్రేలి మొదట, మణికట్టు ప్రక్కన పుట్టు పోటుకూడ స్నాయువు బాధయే. స్విట్జర్లాండు వైద్యుడు డి క్వెర్వెన్ 1895లోనే దీనిని వర్ణించెను. దినమునకు ఎన్నివేల కాయలు త్రుంచుదురో ఎవరు లెక్కించిరి? ఆ పిల్ల తల్లికిని ఇదే నొప్పి ఉన్నదట. మూడేండ్లనుండి. ఆమె దానికై ఏ డబ్బాయు కొనలేదు.

కొన్నచోట తిరిగి ఇచ్చివేయబోగా, మూత విప్పినదానిని పుచ్చుకొనమనిరి. సగము పొడి మిగిలియున్నది. పారవేయుట ఎందుకని, వైద్యురాలిని అడిగి, నిషిద్ధములేవియు లేవని పరీక్షింపబడిన గురుతు దానిపై లేకపోవుటచే, తల్లియే దానిని వాడుకొనుటకు నిశ్చయించినది. ఉదయము నిమ్మనీటిలో కలుపుకొని త్రాగి కోతకు పోవుచున్నది. చేతినొప్పి తగ్గినదాయని యడిగితిమి. "ఏమో అక్కయ్యా, కడుపు మాత్రం నిండుతుంది" అన్నది.

ఇది వ్రాయునాటికి పదునొకటవ వారము నడచుచున్నది. మా యింటి వీధిమెట్టు వారి యింటిదానికంటె ఎత్తైనది కనుక పిల్ల రెండుపూటలును ఇచ్చటికే వచ్చును. గోడకు చేయి ఆనించి, మడమ దించుచు, తనలో తాను లెక్కపెట్టుకొనును. కిందటి నెలలో నెలసరి వచ్చినదని తల్లి మా చెవిలో చెప్పినది. ఉదయము కుంటుట లేదు. పరుగునకు ఇంకను సెలవు ఈయలేదు. జట్టు ఎంపిక వచ్చే నెల. అప్పటికి కాలు సిద్ధమగునో కాదో వైద్యురాలు చెప్పుట లేదు, పిల్ల అడుగుట లేదు. నిన్న సాయంకాలము మా చిన్నవాడు మెట్టు ప్రక్కన కూర్చుండి ఆమెతోపాటు లెక్కపెట్టుచు పదునొకండు తరువాత పదుమూడనగా, ఆమె నవ్వి, పండ్రెండునుండి మరల మొదలుపెట్టినది.